తన పేరు తానెరిగిన ప్రమేయం: లిస్ప్ భాషలో స్థానిక పునరావృతి

కందపద్యంలో వాడే గణాలు ఐదు: గగ, భ, జ, స, నల. తెలుగు మాధ్యమంలో చదువుకొన్న చాలామందికి ఈ పేర్లు బడిలోనే నోటికి వచ్చి ఉంటాయి. ఇవి ఐదే ఎందుకు, ఆరవది ఎందుకు లేదు అన్న ప్రశ్నకు సమాధానం మాత్రం లెక్కలో ఉంది. కందగణానికి నాలుగు మాత్రలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల స్థలాన్ని లఘుగురువులతో నింపగల తీరులు సరిగ్గా ఐదు.

ఒక్కొక్కటిగా రాసి చూసుకోకుండానే ఈ సంఖ్యను రాబట్టవచ్చు. నాలుగు మాత్రల గణంలో చివరి అక్షరం లఘువో గురువో అయి తీరాలి. లఘువైతే దాని ముందు మూడు మాత్రలు మిగులుతాయి; గురువైతే రెండు మిగులుతాయి. అందువల్ల మూడు మాత్రల గణాల సంఖ్యకు రెండు మాత్రల గణాల సంఖ్యను కలిపితే నాలుగు మాత్రల గణాల సంఖ్య వస్తుంది. ఒక మాత్రకు 1, రెండింటికి 2, మూడింటికి 3, నాలుగింటికి 5, ఐదింటికి 8. ఈ వరుసను ప్రపంచం ఫిబొనాచ్చి పేరుతో ఎరుగును. 1202లో వెలువడిన ఆయన గ్రంథానికి ముందే విరహాంకుడు, హేమచంద్రుడు వంటి లాక్షణికులు మాత్రావృత్తాలను లెక్కించే సందర్భంలో ఈ కూడిక సూత్రాన్ని చెప్పి ఉన్నారు.

ఈ సూత్రంలో గమనించదగిన విశేషం ఒకటుంది. లెక్కను నిర్వచించడానికి అది లెక్కనే వాడుకొన్నది. ఒక వస్తువును దానితోనే నిరూపించబోవడాన్ని భారతీయ తర్కశాస్త్రం ఆత్మాశ్రయ దోషమన్నది. ఎక్కడా ఆగకుండా వెనక్కు వెనక్కు పోవడాన్ని అనవస్థ అన్నది. ఇక్కడ ఆ దోషాలు రెండూ లేవు. ప్రతి మెట్టులోను మాత్రల సంఖ్య తగ్గుతుంది. చివరకు సున్న దగ్గరో ఒకటి దగ్గరో సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఇలా తననే తాను వాడుకొంటూ, క్రమంగా చిన్నదవుతూ, ఒకచోట ఆగే ప్రమేయాన్ని పునరావృత ప్రమేయం అంటారు.

పునరావృతిలో తర్కదోషం లేకపోయినా, దానిని కంప్యూటరు భాషలో రాసేటప్పుడు వేరొక చిక్కు ఎదురవుతుంది. అది పేరుకు సంబంధించిన చిక్కు. ఒక ప్రమేయం తనను తాను పిలుచుకోవాలంటే దానికి తన పేరు తెలియాలి. పేరేమో నిర్వచనం పూర్తయ్యాక గాని అతకదు. నిర్వచనం లోపల నుంచే ఆ పేరును వాడటం ఎట్లా? లిస్ప్ కుటుంబ భాషలలో ఈ ప్రశ్నకు దొరికిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లిస్ప్‌లో లెక్క

లిస్ప్ వ్యాకరణం చాలా చిన్నది. ప్రతి సమాసమూ కుండలీకరణాల మధ్య ఉంటుంది. చేయవలసిన పని ముందు, దానికి కావలసిన విలువలు తరువాత వస్తాయి. రెండును మూడును కలపడానికి (+ 2 3) అని రాస్తారు. స్కీమ్ అనే మాండలికంలో పై లెక్క ఇలా ఉంటుంది. ఇక్కడి ఉదాహరణలలో భాషకు చెందిన మూలపదాలను కూడా తెలుగు లిపిలోనే చూపడమైనది. యంత్రానికి ఇచ్చేటప్పుడు వాటిని రోమన్ లిపిలో రాయాలి.

(డిఫైన్ (లెక్క న)
  (ఇఫ్ (< న 2)
      1
      (+ (లెక్క (- న 1))
         (లెక్క (- న 2)))))

'ఇఫ్' తరువాత మూడు భాగాలుంటాయి: షరతు, అది నిజమైతే రావలసిన విలువ, కాకపోతే రావలసిన విలువ. (లెక్క 4) అని అడిగితే 5 అని సమాధానం వస్తుంది.

ఇక్కడ పేరు చిక్కు ఎందుకు రాలేదు? నిర్వచనాన్ని చదివే సమయంలో యంత్రం ప్రమేయం లోపలి భాగాన్ని అమలు చేయదు. చేయవలసిన పనిగా దాచి ఉంచుతుంది. లోపల 'లెక్క' అన్న మాట ఉన్నా, ఆ మాటకు అర్థమేమిటని అప్పుడే వెతకదు. ఎవరైనా (లెక్క 4) అని పిలిచినప్పుడే వెతుకుతుంది. అప్పటికి ఆ పేరు సార్వత్రిక పట్టికలోకి చేరి ఉంటుంది. పేరు తెలియవలసిన చోటు వేరు, విలువ కావలసిన సమయం వేరు. ఈ రెండింటి మధ్య ఎడమే పునరావృతిని సాధ్యం చేస్తున్నది.

స్థానికత అవసరం

అన్ని ప్రమేయాలనూ సార్వత్రిక పట్టికలోకి ఎక్కించవలసిన అవసరం లేదు. ఇంట్లో 'బుజ్జీ' అని పిలిస్తే ఎవరు పలకాలో ఇంటివారికి తెలుసు. అదే పేరును విమానాశ్రయంలో మైకు పెట్టి పిలిస్తే పదిమంది లేచి వస్తారు. పెద్ద ప్రోగ్రాములో వందలకొద్దీ చిన్న చిన్న సహాయక ప్రమేయాలుంటాయి. ఒక పెద్ద ప్రమేయానికి మాత్రమే పనికివచ్చే సహాయకుడిని దాని లోపలే ఉంచితే మూడు లాభాలున్నాయి. పేర్లు ఒకదానితో ఒకటి ఢీకొనవు. లోపలి ప్రమేయం తనను చుట్టి ఉన్న ప్రమేయం యొక్క చలరాశులను నేరుగా వాడుకోగలదు. ప్రోగ్రామును చదివేవారికి ఆ సహాయకుడి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి కనిపిస్తుంది.

ఇలా ఒక పరిధిలో మాత్రమే చెల్లే పేరును స్థానిక నామం అంటారు. లిస్ప్‌లో స్థానిక నామాలను పెట్టడానికి సామాన్యంగా వాడే మాట 'లెట్'. (లెట్ ((క 3)) (+ క 1)) అంటే, కుండలీకరణం మూసేవరకు క అన్న పేరుకు 3 విలువ అని అర్థం, ఫలితం 4. సంఖ్యకు పేరు పెట్టినట్లే ప్రమేయానికీ పెట్టవచ్చు. పేరు లేని ప్రమేయాన్ని తయారుచేసే మాట 'లాంబ్డా'. కనుక స్థానిక లెక్కను ఇలా రాయబోవడం సహజం:

(లెట్ ((లెక్క
       (లాంబ్డా (న)
         (ఇఫ్ (< న 2)
             1
             (+ (లెక్క (- న 1))
                (లెక్క (- న 2)))))))
  (లెక్క 4))

చూడటానికి ఇందులో తప్పేమీ కనిపించదు. కాని ఇది పనిచేయదు.

లెట్ ఎందుకు చాలదు

'లెట్' నియమం సూక్ష్మమైనది. అది పెట్టే పేరు దాని శరీరంలో, అంటే చివరి భాగమైన (లెక్క 4) లో మాత్రమే చెల్లుతుంది. పేరుకు ఇవ్వబోయే విలువను రాసిన చోట చెల్లదు. ఆ విలువను బయటి పరిసరంలో నిలబడి లెక్కగడతారు. అందువల్ల లాంబ్డా లోపలి 'లెక్క' అన్న మాట లెట్ పెట్టిన కొత్త పేరును సూచించదు. అది బయట ఎక్కడైనా ఉన్న 'లెక్క'ను సూచిస్తుంది.

ఇది భాషను రూపొందించినవారి పొరపాటు కాదు. (లెట్ ((క (+ క 1))) ...) అని రాస్తే, బయటి క విలువకు ఒకటి కలిపి లోపలి క అనే కొత్త పేరుకు ఇమ్మని అర్థం. ఈ సౌకర్యం కావాలంటే కుడివైపున ఉన్న క బయటిదే కావాలి. కాని పునరావృత ప్రమేయానికి వచ్చేసరికి ఇదే నియమం అడ్డుపడుతుంది.

బయట 'లెక్క' అనే పేరు ఎక్కడా లేకపోతే, (లెక్క 4) అనగానే ఆ పేరు తెలియదని యంత్రం ఆగిపోతుంది. అది మేలు. బయట అదే పేరుతో మరొక ప్రమేయం ఉంటే సంగతి వేరు. ఉదాహరణకు, అదే ప్రోగ్రాములో ఎవరో అక్షరగణాలను లెక్కించడానికి అంతకుముందే 'లెక్క' అనే సార్వత్రిక ప్రమేయం రాశారనుకొందాం. అక్షరగణాలలో మాత్రలతో పని లేదు. ప్రతి అక్షరమూ లఘువో గురువో కావచ్చు కనుక న అక్షరాలకు గణాల సంఖ్య 2 యొక్క న ఘాతం. మూడక్షరాలకు ఎనిమిది: య, మ, త, ర, జ, భ, న, స. ఆ ప్రమేయం తన పని తాను సరిగ్గానే చేస్తుంది.

ఇప్పుడు పై లెట్ సమాసాన్ని అమలు చేస్తే ఏమవుతుంది? (లెక్క 4) అన్న పిలుపు స్థానిక ప్రమేయానికే చేరుతుంది. అది (లెక్క 3)ను, (లెక్క 2)ను కోరుతుంది. కాని ఆ రెండు పిలుపులూ బయటి అక్షరగణాల ప్రమేయానికి పోతాయి. అది 8, 4 అని జవాబిస్తుంది. మొత్తం 12. కందగణాలు ఐదుకు బదులు పన్నెండని యంత్రం నిబ్బరంగా చెబుతుంది. లోప సందేశం రాదు. ప్రోగ్రాము ఆగదు.

నొప్పి పుట్టించే రోగం మనిషిని వైద్యుని దగ్గరకు నడిపిస్తుంది. ఏ లక్షణమూ చూపని రక్తపోటు ఏళ్ల తరబడి మూత్రపిండాలను దెబ్బతీస్తూ ఉంటుంది. ప్రోగ్రాములలోని లోపాలూ ఈ రెండు జాతులకు చెందినవే. కందగణాలు పన్నెండని చెబితే ఛందస్సు తెలిసిన పాఠకుడు పట్టుకొంటాడు. మందు మోతాదునో, రుణంపై వడ్డీనో లెక్కించే చోట ఇలాంటి తప్పు జరిగితే, వచ్చిన సంఖ్య నమ్మదగినట్లు కనిపించినంత కాలం ఎవరూ సందేహించరు. పేరు ఎక్కడ చెల్లుతుందన్న ప్రశ్నను వ్యాకరణ సూక్ష్మంగా మాత్రమే చూడటం అందుచేత తగదు.

తనను తనకే అందించడం

పేరు తెలియని ప్రమేయం తనను తాను పిలుచుకోవడానికి ఒక ఉపాయం ఉంది. పిలిచేవారే, పిలిచేటప్పుడు, ఆ ప్రమేయాన్ని దానికే ఒక విలువగా అందించాలి.

(లెట్ ((లెక్క
       (లాంబ్డా (నేను న)
         (ఇఫ్ (< న 2)
             1
             (+ (నేను నేను (- న 1))
                (నేను నేను (- న 2)))))))
  (లెక్క లెక్క 4))

ఇక్కడ లాంబ్డా లోపల 'లెక్క' అన్న పేరే లేదు. 'నేను' అన్నది అది స్వీకరించే పరామితి. బయట నుంచి (లెక్క లెక్క 4) అని పిలిచినప్పుడు 'నేను' అన్న పరామితికి విలువగా ఆ ప్రమేయమే అందుతుంది. ప్రతి మెట్టులోను అది తనను తాను మరొకసారి తనకే అందించుకొంటూ పోతుంది. ఫలితం 5. బయట 'లెక్క' పేరుతో ఎన్ని ప్రమేయాలున్నా దీనికి బాధ లేదు.

ఈ ఉపాయాన్ని మరికొంత శుద్ధి చేస్తే తర్కశాస్త్రవేత్తలు వై కాంబినేటర్ అని పిలిచే నిర్మాణం వస్తుంది. పునరావృతికి పేర్లు తప్పనిసరి కావని, లాంబ్డా ఒక్కటే చాలునని అది రుజువు చేస్తుంది. సిద్ధాంతపరంగా ఇది గొప్ప విషయం. అయితే 'నేను నేను' అని అడుగడుగునా రాయడం ఎవరికైనా విసుగు. రెండు మూడు ప్రమేయాలు పరస్పరం పిలుచుకొనేటప్పుడు ప్రతిదానికీ మిగిలినవాటినన్నిటినీ అందిస్తూ పోవలసి వస్తుంది. ఆచరణకు మరింత సూటి మార్గం కావాలి.

ముందు పేరు, తరువాత విలువ

ఆ మార్గం పేరు 'లెట్‌రెక్'. పైన విఫలమైన సమాసంలో 'లెట్' ఉన్న చోట 'లెట్‌రెక్' అని మార్చి, మిగిలినదంతా అక్షరం కూడా కదపకుండా ఉంచితే అది 5 అని సరైన జవాబిస్తుంది.

లెట్‌రెక్ చేసే పనిని మూడు అంగలుగా చెప్పవచ్చు. మొదట అది పేరు కోసం ఒక ఖాళీ పెట్టెను ఏర్పరుస్తుంది. తరువాత, ఆ పెట్టె కనిపించే పరిసరంలోనే, కుడివైపు ఉన్న లాంబ్డాను లెక్కగట్టి ప్రమేయాన్ని తయారుచేస్తుంది. చివరకు ఆ ప్రమేయాన్ని పెట్టెలో ఉంచుతుంది. రెండవ అంగలో పెట్టె ఇంకా ఖాళీయే. అయినా ప్రమాదం లేదు. ఎందుకంటే లాంబ్డా తయారయ్యేటప్పుడు పెట్టెను తెరవదు, అది ఎక్కడుందో గుర్తుంచుకొంటుంది అంతే. ప్రమేయాన్ని ఎవరైనా పిలిచే సమయానికి పెట్టె నిండి ఉంటుంది.

ఈ వివరణలోనే లెట్‌రెక్ పరిమితి కూడా ఉన్నది. (లెట్‌రెక్ ((క (+ క 1))) క) అని రాస్తే, రెండవ అంగలోనే క విలువ కావలసి వస్తుంది. ఖాళీ పెట్టెను తెరవవలసి వస్తుంది. ఇది అసలైన ఆత్మాశ్రయ దోషం. పేరును ముందుగా ఎరిగి ఉండటం తప్పు కాదు. విలువను ముందుగా కోరడం తప్పు. స్కీమ్ ప్రమాణ నివేదికలు ఈ నియమాన్ని స్పష్టంగా చెబుతాయి: కుడివైపు సమాసాలను, ఆ పేర్ల విలువలతో పని పడకుండా లెక్కగట్టడం సాధ్యం కావాలి. లాంబ్డాలు ఈ షరతును ఎల్లప్పుడూ తీరుస్తాయి.

ఒకే లెట్‌రెక్‌లో అనేక పేర్లు పెట్టినప్పుడు పెట్టెలన్నీ ముందే సిద్ధమవుతాయి. కాబట్టి వాటిలోని ప్రమేయాలు పరస్పరం పిలుచుకోగలవు. సరిసంఖ్యను గుర్తించే ప్రమేయం ఒకటి తగ్గించి బేసిని అడగడం, బేసిని గుర్తించేది ఒకటి తగ్గించి సరిని అడగడం దీనికి పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించే ఉదాహరణ.

గణాలను రాయించడం

గణాల సంఖ్యతో తృప్తిపడక గణాలనే రాయించాలంటే స్థానిక ప్రమేయం విలువ మరింత తెలుస్తుంది. స్కీమ్‌లో ఒక ప్రమేయ శరీరం మొదట్లో మరొక 'డిఫైన్' రాయవచ్చు. అది స్థానికంగానే చెల్లుతుంది. లోలోపల లెట్‌రెక్ జాతి సమాసంగానే మారుతుంది.

(డిఫైన్ (గణాలు మొత్తం)
  (డిఫైన్ (నింపు మిగిలినవి తోక)
    (కాండ్ ((= మిగిలినవి 0) (లిస్ట్ తోక))
          ((< మిగిలినవి 0) '())
          (ఎల్స్
           (అపెండ్
            (నింపు (- మిగిలినవి 2) (కాన్స్ 'గ తోక))
            (నింపు (- మిగిలినవి 1) (కాన్స్ 'ల తోక))))))
  (నింపు మొత్తం '()))

'కాండ్' షరతులను ఒకటి తరువాత ఒకటిగా పరీక్షిస్తుంది. 'కాన్స్' జాబితా ముందర ఒక అంశాన్ని చేరుస్తుంది. 'అపెండ్' రెండు జాబితాలను కలుపుతుంది. 'నింపు' అనే స్థానిక ప్రమేయం గణాన్ని చివరి అక్షరం నుంచి ముందుకు కట్టుకొంటూ వస్తుంది. మాత్రలు సరిగ్గా సరిపోతే కట్టిన గణాన్ని అప్పగిస్తుంది. ఒకటి ఎక్కువైపోతే ఆ దారిని వదిలివేస్తుంది. లేనిచో ముందు గురువును, తరువాత లఘువును పెట్టి చూస్తుంది.

(గణాలు 4) అని అడిగితే వచ్చే జాబితా ఇది: (గ గ), (ల ల గ), (ల గ ల), (గ ల ల), (ల ల ల ల). అంటే గగ, స, జ, భ, నల. సర్వగురువుతో మొదలై సర్వలఘువుతో ముగిసే ఈ వరుస, ఛందశ్శాస్త్రంలోని మాత్రాప్రస్తార నియమాన్ని చేతితో పాటిస్తే వచ్చే వరుసే. (గణాలు 5) అంటే ఎనిమిది గణాలు వస్తాయి.

'నింపు' అన్న పేరు ఈ ప్రమేయం వెలుపల ఎవరికీ కనిపించదు. 'తోక' అన్న పరామితి అవసరం కూడా బయటివారికి తెలియనక్కరలేదు. వారు ఇవ్వవలసింది మాత్రల సంఖ్య ఒక్కటే. ఇదే పనిని పేరుగల లెట్ అనే సంక్షిప్త రూపంలో కూడా చేయవచ్చు. లెట్ అన్న మాట వెంటనే 'నింపు' అని పేరు రాసి, పరామితులకు తొలి విలువలిస్తే, ప్రమేయాన్ని నిర్వచించడమూ దానిని మొదటిసారి పిలవడమూ ఒక్కసారిగా జరుగుతాయి. స్కీమ్‌లో ఆవృత్తాలను ఎక్కువగా ఈ రూపంలోనే రాస్తారు.

లేబుల్ కథ

ఈ చిక్కు లిస్ప్‌తో పాటే పుట్టింది. జాన్ మెకార్తీ 1960లో ఈ భాషను లోకానికి పరిచయం చేసిన వ్యాసపు శీర్షికలోనే పునరావృత ప్రమేయాల ప్రస్తావన ఉంది. అలొంజో చర్చ్ నుంచి లాంబ్డా సంకేతాన్ని తీసుకొన్న మెకార్తీ, పునరావృత ప్రమేయాలకు పేరు పెట్టడానికి అది ఉన్నదున్నట్లు చాలదని గమనించాడు. అందుకోసం 'లేబుల్' అనే మరొక సంకేతాన్ని చేర్చాడు. దానిని సూచించినవాడు నతానియల్ రాచెస్టర్. లేబుల్ పెట్టిన పేరు ఆ సమాసం లోపల మాత్రమే, ఆ సమాసాన్నే సూచిస్తుంది. ఆ విధంగా లిస్ప్‌లో పునరావృతికి తొలి సంకేతం స్థానికమైనదే. లేబుల్ లేకుండా లాంబ్డాతోనే ఈ పని సాధించవచ్చని తరువాత డేవిడ్ పార్క్ ఎత్తిచూపాడని మెకార్తీ స్వయంగా రాశాడు. ఆ మార్గం పైన చెప్పిన 'నేను నేను' తరహాదే.

తొలినాటి లిస్ప్ అమలులో మరొక సంగతి దాగి ఉన్నది. ఒక పేరు కనిపించినప్పుడు, అది ప్రోగ్రాము పాఠంలో ఎక్కడ రాసి ఉందో చూడకుండా, అమలులో అతి చేరువ కాలంలో ఆ పేరుకు ఎవరు విలువ ఇచ్చారో వెతికి దానినే తీసుకొనేవారు. దీనిని డైనమిక్ పరిధి అంటారు. జేమ్స్ స్లేగిల్ ఒక పునరావృత ప్రమేయానికి మరొక చిన్న ప్రమేయాన్ని విలువగా అందించినప్పుడు, అది తప్పు సమాధానమివ్వడంతో ఈ పద్ధతిలోని లొసుగు బయటపడింది. ఆ చిన్న ప్రమేయానికి బయటి మెట్టులోని చలరాశి విలువ కావాలి. దొరికింది లోపలి మెట్టులోని విలువ. మెకార్తీ దానిని చిన్న లోపమనుకొన్నాడు. స్టీవ్ రసెల్ దానికి ఒక పరిష్కారం కనిపెట్టాడు. కాని అసలు ప్రశ్న, పేరుకు అర్థం పాఠాన్ని బట్టి నిర్ణయం కావాలా, అమలు క్రమాన్ని బట్టి కావాలా అన్నది, చాలాకాలం నిలిచే ఉన్నది.

1975లో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ ఎంఐటీలో స్కీమ్‌ను రూపొందించినప్పుడు పాఠాన్ని బట్టి నిర్ణయించే పద్ధతిని, అంటే లెక్సికల్ పరిధిని ఎంచుకొన్నారు. ఆ ఎంపికతో పాటు స్థానిక పునరావృతికి ప్రత్యేక సమాసం కూడా అవసరమైంది. మొదటి స్కీమ్‌లో దానిని 'లేబుల్స్' అన్నారు. తరువాతి స్కీమ్‌లలో లెట్‌రెక్ స్థిరపడింది. 'రెక్' అన్న గుర్తుతో పునరావృత నిర్వచనాన్ని వేరుపరచే ఆలోచన అంతకుముందే 1966లో పీటర్ లాండిన్ ప్రతిపాదించిన ఇస్విమ్ భాషలో ఉన్నది.

పాత ప్రోగ్రాములు విరిగే చోటు

డైనమిక్ పరిధిలో ఒక విచిత్రం జరుగుతుంది. ఇంతవరకు తప్పన్న లెట్ సమాసం అక్కడ పనిచేస్తుంది. లాంబ్డా లోపలి 'లెక్క'కు అర్థం వెతికే సమయానికి, లెట్ ఇచ్చిన విలువ ఇంకా అమలులోనే ఉంటుంది. వెతుకులాటలో అదే ముందు దొరుకుతుంది. సరైన ఫలితమే వచ్చినా అది సరైన కారణం వల్ల వచ్చింది కాదు.

ఈమాక్స్ అనే ఎడిటరులోని లిస్ప్ మాండలికం దశాబ్దాలపాటు డైనమిక్ పరిధితోనే నడిచింది. 2012లో వచ్చిన 24వ సంచిక నుంచి, ఫైలు మొదట్లో ఒక సూచన రాస్తే ఆ ఫైలుకు లెక్సికల్ పరిధి వర్తించే ఏర్పాటు చేశారు. పాత ఫైళ్లలో లెట్‌తో రాసిన స్థానిక పునరావృత ప్రమేయాలు, ఆ సూచన చేర్చిన మరుక్షణం, పేరు తెలియదంటూ ఆగిపోతాయి. ప్రమేయంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మారింది పేర్లను చదివే నియమం. అటువంటి చోట లెట్‌ను లెట్‌రెక్‌గా మార్చడమో, ఈమాక్స్‌లో అందుబాటులో ఉన్న లేబుల్స్ రూపాన్ని వాడడమో చేయాలి.

మాండలికాలు, వాటి మాటలు

కామన్ లిస్ప్‌లో ప్రమేయాల పేర్లకు, చలరాశుల పేర్లకు వేరువేరు పట్టికలుంటాయి. అందువల్ల అక్కడ స్థానిక ప్రమేయాల కోసం ప్రత్యేకంగా రెండు మాటలున్నాయి: 'ఫ్లెట్', 'లేబుల్స్'. ఫ్లెట్ ప్రవర్తన లెట్ వంటిది. అది పెట్టే పేరు నిర్వచనం లోపల చెల్లదు. లేబుల్స్ ప్రవర్తన లెట్‌రెక్ వంటిది. ఫ్లెట్ నిరుపయోగం కాదు. ఉన్న ప్రమేయానికి అదే పేరుతో ఒక పైతొడుగు వేసి, లోపల నుంచి పాతదానినే పిలవదలచినప్పుడు ఫ్లెట్ కావాలి. అక్కడ లేబుల్స్ రాస్తే పైతొడుగు తననే పిలుచుకొంటూ అంతులేకుండా తిరుగుతుంది. అంటే రెండు దిక్కులా తప్పు చేయవచ్చు. ఏది ఎప్పుడు కావాలో రాసేవారే నిర్ణయించుకోవాలి.

క్లోజర్ భాషలో కూడా పేరు లేని ప్రమేయాన్ని లెట్‌తో ముడివేస్తే అది తనను తాను పిలుచుకోలేదు. అక్కడ రెండు దారులున్నాయి. ప్రమేయాన్ని తయారుచేసే చోటనే దానికి సొంతపేరు పెట్టవచ్చు. మెకార్తీ లేబుల్‌ను అది జ్ఞాపకం చేస్తుంది. అనేక ప్రమేయాలు పరస్పరం పిలుచుకోవాలంటే 'లెట్‌ఎఫ్ఎన్' ఉంది.

లిస్ప్ కుటుంబం వెలుపల కూడా ఇవే ప్రశ్నలు వేరు వేషాలలో కనిపిస్తాయి. ఓకామెల్‌లో 'లెట్' అంటే ఒక అర్థం, 'లెట్ రెక్' అంటే మరొక అర్థం; హాస్కెల్‌లో లెట్ ఎప్పుడూ పునరావృతమే. పైథాన్‌లో ప్రమేయం లోపల రాసిన ప్రమేయం తన పేరును పిలుపు సమయంలో చుట్టూ ఉన్న ప్రమేయంలో వెతుక్కొంటుంది కనుక ఏ ప్రత్యేక పదమూ లేకుండానే పని జరుగుతుంది. జావాస్క్రిప్ట్‌లో 'కాన్స్ట్' అని ప్రకటించిన పేరును దానికి విలువ రాకముందే వాడబోతే లోపం వస్తుంది. ఖాళీ పెట్టెను తెరవరాదన్న లెట్‌రెక్ నియమమే అది. ఈ భాషలతో ఉద్యోగరీత్యా రోజూ పనిచేసేవారికి ఆ నియమాలు వేరువేరు వింతలుగా తోచవచ్చు. లిస్ప్‌లో చూస్తే అవన్నీ ఒకే ప్రశ్నకు వచ్చిన సమాధానాలని తెలుస్తుంది.

స్థానిక పునరావృత ప్రమేయాన్ని రాసేవారు ముగించే ముందు రెండు సంగతులు సరిచూసుకోవాలి. నిర్వచనం లోపల ఉన్న ప్రతి పేరుపై వేలు పెట్టి, ఇది ఏ ముడిని సూచిస్తున్నదని అడగాలి. లోపలిదే కావాలంటే లెట్‌రెక్, లేబుల్స్ లేదా లోపలి డిఫైన్, బయటిదే కావాలంటే లెట్ లేదా ఫ్లెట్ ఎంచుకోవాలి. ఆ పేరు విలువ నిర్వచన సమయంలోనే కావలసి వస్తున్నదా, పిలిచినప్పుడు చాలునా అన్నది రెండవది. అదే పేరుతో బయట మరొకటి ఉన్నప్పుడు కూడా జవాబు మారదని ఒక చిన్న పరీక్ష రాసి ఉంచడం మంచిది. జవాబు తెలిసిన లెక్కతోనే ఆ పరీక్ష జరగాలి. నాలుగు మాత్రలకు ఐదు గణాలని ముందే తెలిసినవారికి, పన్నెండన్న జవాబు ఎదురైన క్షణంలోనే తప్పు పట్టుబడుతుంది.